కెమెరాకూ కంప్యూటరుకూ పొంతన

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రెండు పనులనూ నిభాయించుకొన్నవారిని సైతం తికమకపెట్టే మూడవ పని ఒకటి ఈ కాలంలో వచ్చి చేరింది. అది పెళ్ళి వీడియోను ఇంటి కంప్యూటరుపై స్వయంగా ఎడిటింగ్ చేసుకోవటం. ఒకప్పుడు జిల్లా కేంద్రంలోని మిక్సింగ్ యూనిట్టువారు మాత్రమే చేసిన ఈ పనిని నేడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో ఎవరైనా చేయవచ్చు. అయితే కెమెరా వ్రాసిన ఫైలును ఆ సాఫ్ట్‌వేరు చదువగలదా లేదా అన్న పరిశీలన చాలామంది చేయరు. చేసినా, పని చెడిన తరువాత చేస్తారు.

దోహా నగరంలోని అల్ దోహా అల్ జదీదా పేటను దృష్టిలో ఉంచుకొంటే ఈ సమస్య స్వరూపం తేటపడుతుంది. అరబ్బీలో ఆ పేరుకు 'క్రొత్త దోహా' అని అర్థం. నిజానికి అది నగర కేంద్రానికి ఆనుకొని ఉన్న పాత పేటలలో ఒకటి. 2019లో మెట్రో రైలు ఎర్ర మార్గం ప్రారంభమైనపుడు ఆ పేరుతో ఒక స్టేషను కూడా వెలసింది. దక్షిణాసియా దేశాల నుండి వచ్చిన ఉద్యోగులు, కార్మికులు పెక్కుమంది అక్కడ నివసిస్తారు. అటువంటి పేటలో గది పంచుకొని ఉంటున్న తెలుగు ఉద్యోగికి చెల్లెలి పెళ్ళికి సెలవు దొరకకపోతే, ఆ పెళ్ళిలో అతనికి దక్కే భాగం వీడియో ఒక్కటే. పెళ్ళి జగిత్యాలలోనో కడపలోనో జరుగుతుంది. స్థానిక వీడియోగ్రాఫరు తన కెమెరాతో స్నాతకం నుండి అప్పగింతల దాకా తీస్తాడు. మేనమామ సెల్‌ఫోనుతో కొంత తీస్తాడు. అమెరికా నుండి వచ్చిన పెదనాన్నగారి అబ్బాయి తన కెమెరాతో మరికొంత తీస్తాడు. మూడూ ఒక హార్డ్ డిస్కులో దోహా చేరతాయి. సెలవు నాడు లాప్‌టాప్ తెరచి వాటిని జోడించబోతే మొదటిది తెరచుకోదు. రెండవది బొమ్మ చూపుతుంది గాని ధ్వని వినిపించదు. మూడవదానిలో రెండూ ఉన్నా, మంగళవాద్యం ముందు మ్రోగి, మూడు ముళ్ళు తరువాత పడతాయి.

ఇటువంటి సందర్భాలలో "ఫైలు పాడైపోయింది" అని తీర్మానించి తుడిచివేసేవారు ఉన్నారు. ఆ తీర్మానం చాలాసార్లు తప్పు. ఫైలు నిక్షేపంగా ఉంటుంది. కుదరనిది పొంతన మాత్రమే. ఆ పొంతనను ముందే చూచుకోవటానికి ఇంజనీరింగు చదువు అవసరం లేదు. వీడియో ఫైలులో కవరు, లిపి, లయ, ధ్వని అనే నాలుగు అంశాలు ఉంటాయని గ్రహించి, ఒక్కొక్కదానినీ విడిగా పరీక్షిస్తే చాలు.

కవరు

ఫైలు పేరు చివర కనిపించే ఎంపి4, ఎంఓవి, ఎవిఐ, ఎంటిఎస్, ఎంకెవి వంటి అక్షరాలు కేవలం కవరు పేర్లు. సాంకేతిక పరిభాషలో దీనిని కంటైనరు అంటారు. ఉత్తరం వచ్చిన కవరును చూచి, అది స్వదేశపుదో విదేశపుదో చెప్పవచ్చు గాని, లోపలి ఉత్తరం ఏ భాషలో ఉందో చెప్పలేము. వీడియో కవరు కూడా అంతే. దృశ్యం ఒక కాగితంగా, ధ్వని మరొక కాగితంగా, ఏ చిత్రం ఏ క్షణానికి చెందుతుందో తెలిపే కాలసూచి ఇంకొక కాగితంగా ఆ కవరులో ఉంటాయి.

ఈ కవర్లను వేర్వేరు సంస్థలు వేర్వేరు కాలాలలో రూపొందించాయి. యాపిల్ సంస్థ 1991లో క్విక్‌టైముతో ఎంఓవిని, మైక్రోసాఫ్ట్ 1992లో ఎవిఐని తెచ్చాయి. ఎంపి4 కవరు క్విక్‌టైము నిర్మాణం ఆధారంగానే తరువాతి దశాబ్దంలో అంతర్జాతీయ ప్రమాణంగా రూపొందింది. సోనీ, పానసోనిక్ సంస్థలు 2006లో ప్రకటించిన ఎవిసిహెచ్‌డి పద్ధతిలో ఎంటిఎస్ ఫైళ్ళు పుట్టాయి. యాపిల్ కంప్యూటర్లతో వచ్చే ఐమూవీ నేటికీ ఎంకెవి కవరును స్వీకరించదు. అదే దృశ్యం, అదే ధ్వని ఎంపి4 కవరులో పెట్టి ఇస్తే స్వీకరించవచ్చు. కనుక "తెరచుకోదు" అన్న మాటకు ఒక్కొక్కప్పుడు "ఈ కవరు తెరచే పద్ధతి నాకు తెలియదు" అని మాత్రమే అర్థం.

లిపి

కవరు కంటే ముఖ్యమైనది లోపలి లిపి. దీనినే కోడెక్ అంటారు. ఇది ఎందుకు అవసరమైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. హైడెఫినిషన్ చిత్రంలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 బిందువులు ఉంటాయి. మొత్తం 20 లక్షల 73 వేలకు పైగా. ఒక్కొక్క బిందువు రంగును తెలుపటానికి 3 బైట్లు చొప్పున ఒక చిత్రానికి 62 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 25 చిత్రాల లెక్కన గంట దృశ్యానికి దాదాపు 560 గిగాబైట్లు అవుతుంది. ఏ మెమరీ కార్డూ ఇంటి వేడుకలో అంత భారం మోయలేదు. ఎవిసిహెచ్‌డి కెమెరా సెకనుకు 24 మెగాబిట్ల వేగంతో అదే గంటను 11 గిగాబైట్లకు లోపుగా వ్రాస్తుంది. అంటే సుమారు యాభైయవ వంతు.

ఈ కుదింపు రహస్యం పద్దు పుస్తకంలో ఉన్నది. గుమాస్తా ఒకే వివరాన్ని ప్రతి వరుసలోనూ తిరిగి వ్రాయడు. 'సదరు' అని గుర్తు పెట్టి మారిన అంకె మాత్రం వేస్తాడు. కోడెక్ కూడా ఒక చిత్రాన్ని పూర్తిగా వ్రాసి, తరువాతి చిత్రాలలో మారిన భాగాలను మాత్రమే నమోదు చేస్తుంది. పెళ్ళి పందిరి వెనుక తెర కదలదు. కదిలేవి పురోహితుని చేతులు, వధూవరుల ముఖాలు. కదలని దానికి 'సదరు' చాలు.

ఎడిటింగుకు వచ్చేసరికి ఈ పొదుపే చిక్కు తెస్తుంది. నడిమధ్య ఒక చిత్రం దగ్గర కత్తిరించాలంటే, సాఫ్ట్‌వేరు వెనుకకు వెళ్ళి చివరిసారి పూర్తిగా వ్రాసిన చిత్రాన్ని వెదకి, అక్కడి నుండి మార్పులన్నీ కూడుకొంటూ రావాలి. కుదింపు ఎంత నేర్పుగా ఉంటే కంప్యూటరుకు అంత శ్రమ. అందువల్లనే చూడటానికి హాయిగా నడిచే ఫైలు ఎడిటింగులో నత్తనడక నడుస్తుంది.

లిపులలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది 1990ల మధ్యలో మినీ డివి క్యాసెట్లతో వచ్చిన డివి. ఇది ప్రతి చిత్రాన్నీ విడిగానే వ్రాస్తుంది. గంటకు సుమారు 13 గిగాబైట్లు ఆక్రమిస్తుంది గాని కత్తిరించటానికి చాలా సుకరం. రెండవది డివిడి యుగపు ఎంపెగ్-2. మూడవది 2003లో ప్రమాణమైన హెచ్.264, దీనికే ఎవిసి అని మారుపేరు. నాలుగవది 2013లో వచ్చిన హెచ్.265, అనగా హెచ్‌ఇవిసి. ఐఫోన్లు 2017 నుండి ఈ నాలుగవ లిపిని వాడసాగాయి. యాపిల్ ఇచ్చిన అంచనా ప్రకారం సెకనుకు 30 చిత్రాల 4కె దృశ్యం నిమిషానికి హెచ్.265లో సుమారు 170 మెగాబైట్లు, హెచ్.264లో సుమారు 350 మెగాబైట్లు అవుతుంది. సగానికి సగం ఆదా అయినా, విండోస్ కంప్యూటర్లలో ఈ లిపిని చదివే చేర్పు అన్నింటిలోనూ ముందుగా ఉండదు. మైక్రోసాఫ్ట్ స్టోరులో స్వల్ప రుసుముపై విడిగా తెచ్చుకోవలసి రావచ్చు. మేనమామ ఫోను ఎంపి4 లేక ఎంఓవి ఫైలే ఇచ్చినా కంప్యూటరు నల్లని తెర చూపటానికి ఇది ఒక కారణం. కవరు తెలిసినదే, లిపి తెలియనిది.

లయ

సెకనుకు ఎన్ని చిత్రాలు అన్నది వీడియోకు లయ. భారతదేశంలోనూ ఖతార్‌లోనూ విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది. రెండు దేశాలూ పాత టెలివిజన్ యుగంలో పాల్ పద్ధతినే అనుసరించాయి. కాబట్టి ఇక్కడి లయ సెకనుకు 25 లేక 50. అమెరికాలో విద్యుత్తు 60 హెర్ట్జ్‌ది; అక్కడి ఎన్‌టిఎస్‌సి పద్ధతి లయ 30కి కొంచెం తక్కువగా 29.97. ఖతార్‌కు పొరుగున ఉన్న సౌదీ అరేబియాలో కూడా విద్యుత్తు 60 హెర్ట్జ్‌దే. కెమెరా ఏ దేశంలో కొన్నారన్నది, దానిని ఏ అమరికలో వదిలివేశారన్నది ఇందువల్లనే పట్టించుకోవలసిన విషయాలు.

29.97 లయలో తీసిన దానిని 25 లయ గల కూర్పులో పెడితే సాఫ్ట్‌వేరు దాదాపు ప్రతి ఆరు చిత్రాలలో ఒకదానిని విడిచిపెడుతుంది. నిలకడగా ఉన్న దృశ్యంలో అది తెలియదు. ఊరేగింపులోనో, కూచిపూడి జతిలోనో, కోలాటంలోనో కదలిక కుంటినట్లు కనిపిస్తుంది. మరొక చిక్కు దీపాలది. 50 హెర్ట్జ్ విద్యుత్తుపై అనేక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కెమెరా షట్టరు సెకనులో 60వ వంతుపై ఉంటే ఆ మినుకులు చిత్రంలో నల్లని పట్టీలుగా పాకుతాయి. 50వ వంతు లేక 100వ వంతుపై ఉంచితే అవి చాలావరకు తొలగుతాయి. తీసే సమయంలో పడిన పట్టీలను ఇంటి సాఫ్ట్‌వేరుతో పోగొట్టటం కష్టం.

సెల్‌ఫోన్లతో ఇంకొక విశేషం ఉంది. వాటి లయ నిలకడగా ఉండదు. వెలుతురు తగ్గినపుడు ఫోను సెకనుకు 30 చిత్రాలకు బదులు తక్కువ తీస్తుంది. ఏ చిత్రం ఎప్పటిదో కాలసూచిలో వ్రాసుకొంటుంది. ఆ సూచిని సరిగా చదివే ప్లేయరులో అంతా సవ్యంగా ఉంటుంది. సూచిని పట్టించుకోక "అన్నీ 30" అనుకొనే సాఫ్ట్‌వేరులో దృశ్యం ధ్వనిని వీడి ముందుకు పోతుంది. పది నిమిషాల దృశ్యంలో 18,000 చిత్రాలు ఉండవలసి ఉండగా 17,900 మాత్రమే ఉన్నాయనుకొంటే, చివరకు వచ్చేసరికి తేడా మూడు సెకన్లు దాటుతుంది. మూడు ముళ్ళకూ మంగళవాద్యానికీ సఖ్యత చెడటానికి ఆ మూడు సెకన్లు చాలు.

పాత హైడెఫినిషన్ కెమెరాలలో గీతల అల్లిక అనే పద్ధతి కూడా ఉన్నది. 1080ఐ అన్న గుర్తు దానిదే. ఒక చిత్రంలోని బేసి గీతలను ఒక క్షణంలో, సరి గీతలను తరువాతి క్షణంలో తీస్తుంది. సాఫ్ట్‌వేరుకు ఈ సంగతి తెలియకపోతే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తాయి. ఫైలు వివరాలలో 'ఇంటర్‌లేస్డ్' అని ఉంటే ఈ అల్లిక ఉన్నట్లు. 'ప్రోగ్రెసివ్' అని ఉంటే లేనట్లు.

ధ్వని

బొమ్మ వచ్చి ధ్వని రాకపోతే మైకును నిందించటం పరిపాటి. దృశ్యానికి ఒక లిపి ఉన్నట్లే ధ్వనికి వేరొక లిపి ఉంటుంది. ఫోన్లలో సాధారణంగా ఎఎసి; ఎవిసిహెచ్‌డి కెమెరాలలో సాధారణంగా డాల్బీ వారి ఎసి-3; డివి క్యాసెట్లలో కుదింపు లేని పిసిఎం. కొన్ని సాఫ్ట్‌వేర్లు దృశ్యలిపిని చదివి ఎసి-3ని చదువలేవు. అప్పుడు మంత్రాలు లేని పెళ్ళి తెరపై జరుగుతుంది. ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్నది కూడా చూడాలి. వీడియోకు 48,000 సార్లు అన్నది వాడుక. పాత డివి కెమెరాలలో 32,000 అనే తక్కువ అమరిక కూడా ఉండేది. విడిగా రికార్డరుతో పట్టిన నాదస్వరం 44,100లో ఉండవచ్చు. మంచి సాఫ్ట్‌వేరు వీటిని సర్దుకొంటుంది. సర్దుకొందో లేదో చెవితోనే తేల్చుకోవాలి.

తరాలు మారినపుడు

కెమెరా ఒక తరానిది, సాఫ్ట్‌వేరు వేరొక తరానిది కావటం పొంతన చెడటానికి ప్రధాన కారణం. విండోస్ మూవీ మేకర్ ఇందుకు చక్కని నిదర్శనం. 2000లో విండోస్ మిలీనియంతో వచ్చి, ఎక్స్‌పీతో ఇంటింటా ప్రవేశించిన ఈ సాఫ్ట్‌వేరుతోనే ఎందరో మొదటి కూర్పులు చేసుకొన్నారు. అది డివి క్యాసెట్ల కాలానికి తగినది. ఎక్స్‌పీ నాటి రూపం ఎవిఐ, డబ్ల్యుఎంవి ఫైళ్ళను తీసుకొనేది గాని ఎంఓవి, ఎంపి4లను స్వీకరించేది కాదు. తరువాతి రూపాలు కొంత నేర్చుకొన్నాయి. 2017 జనవరి 10న మైక్రోసాఫ్ట్ దానిని ఉపసంహరించింది. దాని స్థానం నేడు 2021లో మైక్రోసాఫ్ట్ కొన్న క్లిప్‌చాంప్‌ది. అది విండోస్ 11తో లభిస్తుంది. ఐమూవీ 1999 నుండి యాపిల్‌తో ఉంది. ఏ సంస్థ కంప్యూటరుకైనా పనికివచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లలో షాట్‌కట్, ఓపెన్‌షాట్ ముఖ్యమైనవి. ఇవి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత గ్రంథాలయంపై ఆధారపడినందున చాలా లిపులను చదువుతాయి.

పాత కెమెరాలకు తమ తమ కిటుకులు ఉన్నాయి. మినీ డివి కెమెరాకు యుఎస్‌బి రంధ్రం ఉన్నా, చాలా నమూనాలలో అది ఫోటోలకో నాసిరకం దృశ్యానికో మాత్రమే. అసలు దృశ్యం ఫైర్‌వైర్ తీగ ద్వారా, గంటకు గంట పట్టి బయటికి వస్తుంది. ఆ రంధ్రం నేటి లాప్‌టాప్‌లలో లేదు. క్యాసెట్టులోని టేపుపై అయస్కాంత పొర ఆవిరి రూపంలో పట్టించిన కోబాల్టు లోహానిది. వేడి, తేమ గల చోట నిలువ ఉంచితే అటువంటి పలుచని పొరకూ, దాని అడుగునున్న ప్లాస్టిక్కుకూ హాని. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో మినీ డివి క్యాసెట్ల తయారీ ఆపివేసింది. అలమరలో అటువంటి క్యాసెట్లు ఉన్నవారు ఎడిటింగు సంగతి తరువాత చూచుకొని, ముందు వాటిని హార్డ్ డిస్కుపైకి ఎక్కించుకోవటం మేలు.

ఎనిమిది సెంటీమీటర్ల చిన్న డివిడిపై వ్రాసే కెమెరాలలో 'ఫైనలైజ్' అనే చివరి అంకం ఉంటుంది. అది చేయని డిస్కును సాధారణంగా కంప్యూటరు గుర్తించదు. చేయటానికి అదే కెమెరా కావాలి. కెమెరాను అమ్మివేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. హార్డ్ డిస్కు కెమెరాల తరం 'ఎంఓడి' అనే పేరుతో ఇచ్చిన ఫైళ్ళు వాస్తవానికి ఎంపెగ్-2 ఫైళ్ళే. పేరు వింతగా ఉన్నంత మాత్రాన లోపలి సరుకు వింతది కాదు.

పొంతన చూచే విధం

జాతకాలు పెళ్ళికి ముందు చూస్తారు గాని తలంబ్రాలైన తరువాత చూడరు. వీడియో పొంతన కూడా వేడుకకు వారం ముందే చూచుకోవాలి. దాని క్రమం ఇది.

మొదట, కెమెరాను వేడుకలో వాడబోయే అమరికలోనే ఉంచి పది నిమిషాలు తీయాలి. ఆరంభంలో ఒకసారి, చివర ఒకసారి కెమెరా ఎదుట చప్పట్లు కొట్టాలి. కొంత భాగం ట్యూబులైట్ల క్రింద, కొంత భాగం మసక వెలుతురులో తీయాలి.

రెండవది, ఆ ఫైలు లక్షణాలు చదవాలి. విఎల్‌సి ప్లేయరులో టూల్స్ అనే వరుసలో 'కోడెక్ ఇన్ఫర్మేషన్' నొక్కితే ముఖ్యమైనవి తెలుస్తాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనం ఇంకా విపులంగా చెబుతుంది. ఏడు వివరాలు కాగితంపై వ్రాసుకోవాలి: కవరు పేరు, దృశ్యలిపి, బిందువుల సంఖ్య, లయ ఎంత, ఆ లయ నిలకడైనదా మారేదా, గీతల అల్లిక ఉన్నదా లేదా, ధ్వనిలిపి. రంగు లోతు 8 బిట్టులా 10 బిట్టులా అన్నది ఎనిమిదవ వివరంగా చేర్చుకోవచ్చు. 10 బిట్ల హెచ్‌డిఆర్ దృశ్యం ఎరుగని సాఫ్ట్‌వేరులో ముఖాలు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి.

మూడవది, ఈ వివరాలను సాఫ్ట్‌వేరు సంస్థ ప్రకటించిన పట్టికతో పోల్చాలి. "ఎంపి4 సరే" అన్న ఒక్క మాటతో తృప్తిపడరాదు. అది కవరు గురించిన మాట. లోపలి రెండు లిపుల పేర్లు కూడా పట్టికలో ఉండాలి.

నాలుగవది, పట్టిక ఏమి చెప్పినా ప్రత్యక్షంగా పరీక్షించాలి. ఫైలును సాఫ్ట్‌వేరులోకి తెచ్చి బొమ్మ చూడాలి, ధ్వని వినాలి. చివరి చప్పట్లకు వెళ్ళి చేతులు కలిసిన క్షణమూ శబ్దమూ ఒకటేనా అని చూడాలి. మొదటి చప్పట్లు కలిసి చివరివి కలియకపోతే దోషం లయలో ఉన్నది. నడుమ ఒకచోట కత్తిరించి, రెండు ముక్కలను అటుదిటు చేసి, ఆ కూర్పును ఎంపి4గా బయటికి తీసి, చివరకు చూడబోయే టీవీలో లేక ఫోనులో నడిపి చూడాలి. ఈ పరీక్ష అంతా అరగంట పని.

పొంతన కుదరకపోతే

మార్గాలు మూడు. వాటిని ఈ వరుసలోనే ప్రయత్నించటం మంచిది.

మొదటి మార్గం కెమెరా అమరిక మార్చటం. ఐఫోనులో కెమెరా అమరికలలో 'ఫార్మాట్స్' వద్ద 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకొంటే సాధారణ దృశ్యాలను హెచ్.264లో వ్రాస్తుంది. 'షో పాల్ ఫార్మాట్స్' తెరిస్తే 25 లయ కూడా దొరుకుతుంది. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ లిపి ఎంచుకొనే వీలుంది. ఇది ఏ నష్టమూ లేని మార్గం. కాని తీయటానికి ముందే సాధ్యం.

రెండవ మార్గం కవరు మార్చటం. ఉత్తరాన్ని ముట్టుకోకుండా వేరే కవరులో పెట్టటమే ఇది. ఎంటిఎస్‌ను ఎంపి4గానో ఎంఓవిగానో మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి. నిమిషాలలో అవుతుంది, ఒక్క బిందువు కూడా చెడదు.

మూడవ మార్గం లిపి మార్చటం. హ్యాండ్‌బ్రేక్ వంటి సాధనం దృశ్యాన్ని మొత్తం విప్పి, తిరిగి వ్రాస్తుంది. లయను నిలకడ చేయటానికి కూడా ఇదే మార్గం. అందులో 'కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్' అన్న అంశం ఎంచుకోవాలి. లయ మారే ఫైలును గుర్తించినపుడు షాట్‌కట్ తానే మార్పిడి చేయమని సూచిస్తుంది. ఈ మార్గంలో సమయం పడుతుంది, కొంత వివరం పోతుంది. జిరాక్సు ప్రతికి జిరాక్సు తీస్తే అక్షరాలు మసకబారినట్లే, ఒకసారి మార్చిన దానిని మళ్ళీ మళ్ళీ మారిస్తే ముఖాలలోని సున్నితత్వం కరగిపోతుంది. కనుక మార్పిడి ఒక్కసారే, అదీ మూల ప్రతి నుండే చేయాలి. మార్పిడికి ఎన్నడూ వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ఆధారం చేసుకోరాదు. మామూలుగా పంపిన వీడియోను అది ముందే కుదించివేస్తుంది. 'డాక్యుమెంటు' రూపంలో పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది. 2022 నుండి ఈ విధంగా 2 గిగాబైట్ల వరకు పంపవచ్చు.

కంప్యూటరు పాతదై ఎడిటింగు నెమ్మదిగా సాగితే, సాఫ్ట్‌వేరులో 'ప్రాక్సీ' అనే సదుపాయం ఉన్నదేమో చూడాలి. ఎడిటింగు అంతా చిన్న నకలుపై చేసి, చివరి కూర్పును మూలం నుండే తీయటం దాని పద్ధతి.

మూల ప్రతి రక్ష

వీడియోగ్రాఫరు కార్డును మరుసటి పెళ్ళికి వాడుకోవాలి కనుక త్వరలోనే తుడిచివేస్తాడు. ఆ లోపల మూలాన్ని దక్కించుకోవాలి. ఎవిసిహెచ్‌డి కార్డు నుండి కంటికి కనిపించిన ఎంటిఎస్ ఫైళ్ళను మాత్రమే ఎత్తుకోరాదు. కార్డులోని ఫోల్డర్లన్నిటినీ అమరిక చెడకుండా నకలు తీయాలి. కెమెరా పొడుగాటి దృశ్యాన్ని ముక్కలుగా వ్రాస్తుంది. ఆ ముక్కల అతుకు వివరం ఇతర ఫైళ్ళలో ఉంటుంది. ఎఫ్ఎటి32 పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవు 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును తీసుకోదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. దానిని ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకొంటే ఈ చిక్కు తీరుతుంది. ఫార్మాట్ చేస్తే అందులోని పాత ఫైళ్ళు పోతాయి గనుక ముందు వాటిని వేరుచోట భద్రపరచాలి. నకళ్ళు రెండు ఉండాలి. ఒకటి ఊరిలో, ఒకటి దోహాలో ఉంటే ఇంకా శ్రేష్ఠం. కూర్పు పూర్తయినా మూలం తుడువరాదు. ఈనాడు చదువని లిపిని రేపటి సాఫ్ట్‌వేరు చదువవచ్చు గాని, తుడిచిన దానిని ఎవరూ చదువలేరు.

సంఘాల వేడుకలకు

ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ వేడుకలను పలువురు సభ్యులు పలు ఫోన్లతో తీసే సంఘాలకు కూడా ఈ నియమాలే వర్తిస్తాయి. నిర్వాహకులు వారం ముందే అందరికీ ఒక చీటీ ఇవ్వవచ్చు: "కవరు ఎంపి4 లేక ఎంఓవి, లిపి హెచ్.264, బిందువులు 1,920 × 1,080, లయ 25, ధ్వని 48,000, హెచ్‌డిఆర్ వద్దు, ఫోను అడ్డంగా పట్టాలి." సభ్యులలో ఎక్కువమంది ఫోన్లకు 25 లయ లేకపోతే అందరూ 30కి కట్టుబడి, వీలున్న ఫోన్లలో షట్టరును 50వ వంతు లేక 100వ వంతుపై నిలపాలి. అంకెలో మంచి చెడ్డలు తక్కువ; అందరిదీ ఒకే అంకె కావటం ముఖ్యం. పెళ్ళి ఇంటివారు కూడా ఇదే చీటీని వీడియోగ్రాఫరుకు బయానా ఇచ్చే నాడే అందజేసి, మూల ఫైళ్ళు తమకు కావాలని అప్పుడే మాట తీసుకోవటం ఉచితం.

దూరదేశంలో ఉన్న అన్నకు చెల్లెలి పెళ్ళి ఒక్కసారే జరుగుతుంది. తిరిగి తీయటానికి వీలులేదు. పది నిమిషాల పరీక్ష, ఏడు వివరాల కాగితం, రెండు నకళ్ళు — వీటికి ఖర్చు దాదాపు లేదు. ఆ కాగితాన్ని కెమెరా సంచిలోనే భద్రపరచుకొంటే వచ్చే వేడుకకు పని మరింత తేలికవుతుంది.